ఓడకు ఎడమ దిక్కు

రైలు ఘన్‌పూర్ దాటిందంటే నాకు ఎప్పుడూ ఒక తొందర పట్టుకుంటుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంటాను, చెప్పులు వెతుక్కుంటాను, వరంగల్ ఇంకా దూరం ఉండగానే పోయి తలుపు దగ్గర నిలబడతాను. పెళ్లయి హైదరాబాదు వెళ్లిన కొత్తలో పడిన అలవాటు అది. స్టేషన్‌లో అన్న ఉంటాడు కదా అని. ఈసారి మాత్రం సీట్లోంచి లేవబుద్ధి కాలేదు. బండి ఆగి అందరూ దిగిన తర్వాత చివరగా దిగాను. మా అన్న రాజేశానికి పక్షవాతం వచ్చి దవాఖానలో ఉన్నన్నాళ్లూ నేను మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాను. వదిన ఫోన్‌లో చెప్పేది వినడమే తప్ప వచ్చి చూడలేకపోయాను. ప్రాణానికి భయం లేదనీ, మాట బాగానే ఉందనీ, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయనీ చెప్పేది. చెప్పి, కాస్త ఆగి, "ఇంకోటి ఉన్నది విమలా. అది ఫోన్‌ల చెప్తె సమజ్ కాదు. నువ్వొచ్చి చూడాలె" అనేది.

వచ్చి చూశాను. బట్టల బజారు వెనక సందులో మా పాత ఇల్లే. ముందు గదిలో అన్నను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మంచానికి ఎదురుగా పోయి నిలబడితే నన్ను చూసి నవ్వాడు, మోకాలు ఎట్లా ఉందని అడిగాడు, రైల్లో కూర్చోవడానికి జాగా దొరికిందా అని అడిగాడు. మనిషి చిక్కాడు గానీ మాట ఎప్పటిదే. ఇంత మాత్రానికే వదిన అంతగా భయపడిందా అనుకున్నాను. ఇంతలో వదిన కంచంలో అన్నం, చిక్కుడుకాయ కూర, పచ్చి పులుసు పెట్టి తెచ్చింది. అన్న కుడిచేత్తో కలుపుకుని తృప్తిగా తిన్నాడు. తిని, కంచం పక్కకు జరిపి, "కూర గింతనే చేసినవా?" అన్నాడు. కంచంలో కుడి సగం తుడిచినట్టు ఖాళీగా ఉంది. ఎడమ సగంలో అన్నం, కూర పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. మధ్యలో ఎవరో గీత గీసినట్టు ఉంది. వదిన కంచాన్ని పట్టుకుని తిప్పింది. "ఇగో, ఇది ముందే పెట్టకపోతివి" అని అన్న మళ్లీ తినడం మొదలుపెట్టాడు. అందులోనూ సగం మిగిల్చాడు. వదిన మళ్లీ తిప్పింది.

ఆ పూట నేను చూసినవన్నీ అట్లాంటివే. గడ్డం తనే గీసుకుంటానని పట్టుబట్టి కుడి చెంప మాత్రమే నున్నగా గీసుకున్నాడు. ఎడమ చెంప మీద తెల్ల వెంట్రుకలు అట్లాగే ఉన్నాయి. అద్దంలో చూసుకుని సంతృప్తిగా తల ఊపాడు. ఒడిలో పడి ఉన్న తన ఎడమ చేతిని చూపించి వదిన ఇదెవరిదని అడిగితే, కొంచెంసేపు ఆలోచించి, "బాపుది కావచ్చు" అన్నాడు. బాపు పోయి ఎన్నేళ్లయిందో అన్నకు తెలుసు, ఆయన తద్దినం ఏ తిథినో కూడా చెప్పాడు. అయినా ఆ చెయ్యి బాపుదే. ఇక్కడ పెట్టి పోయి ఉంటాడు, అంతే. డాక్టరు వదినకు చెప్పినది ఆమె నాకు చెప్పింది. కళ్లకు ఏ దోషమూ లేదట. ఎడమ అనేది ఒకటి ఉందన్న సంగతే మెదడు వదిలేసిందట. వదిలేశానన్న సంగతి కూడా దానికి తెలియదట. చీకటైతే చీకటి కనబడుతుంది కదా. అన్నకు ఎడమ వైపు చీకటి కూడా లేదు.

ఇంటికొచ్చి కసరత్తులు చేయించే అమ్మాయి ఒకామె ఉంది, స్రవంతి అని. మరిపెడ దగ్గరి పిల్ల, ఓపిక గలది. ఆమె పెట్టిన నియమాలు ఆ గదిలో అందరూ పాటించేవారు. అన్న మంచం కుడి పక్క గోడకు ఆనించి ఉండాలి. నీళ్ల గ్లాసు, టీవీ, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ, అన్నీ ఎడమ పక్కనే ఉండాలి. ఎవరు పలకరించినా ఎడమ నుంచే పలకరించాలి. కావలసినవన్నీ అటు ఉంటే, ఎప్పటికో ఒకప్పటికి తల అటు తిరుగుతుందని ఆశ. నేను వచ్చిన మర్నాడు ఆమె అన్న ముందు అట్ట పెట్టి, కాగితం, పెన్సిలు ఇచ్చి పువ్వు గీయమంది. అన్న గీశాడు. రేకులన్నీ కుడి పక్కనే గుంపుగా ఉన్నాయి. నాకేం తోచిందో, "అన్నా, మన ఓడ గియ్యి" అన్నాను. గొంతు ఎటు నుంచి వచ్చిందో తెలియక కుడివైపు గోడను చూసి నవ్వాడు. ఆ పెన్సిలు ఇక ఎక్కడా ఆగలేదు. పొడుగు మెడ, ఒక పళ్లెం, దాని కింద గొట్టం, గొట్టం మీద వరసగా చుక్కలు. వంక పెట్టడానికి లేదు. మెడ మధ్య నుంచి నిట్టనిలువుగా ఒక గీత, దానికి ఇవతల ఓడ, అవతల తెల్ల కాగితం. "మంచిగొచ్చింది గద" అని కాగితం వదిలాడు. ఇదేంటిది మేడమ్ అని స్రవంతి అడిగింది. నేను లేచి వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

ఆ ఓడ ఏమిటో చెప్పాలంటే మా దుకాణం చెప్పాలి. బాపుకు చౌరస్తా దగ్గర స్టీలు గిన్నెల దుకాణం ఉండేది. సరుకు గోనె సంచుల్లో వరిగడ్డి మధ్య సర్ది వచ్చేది. సంచులు విప్పేది ఇంట్లోనే గనుక మా ఇల్లంతా ఎప్పుడూ ఎండు గడ్డి వాసన వేసేది. మా తలల్లో, పుస్తకాల్లో, అమ్మ ఆరేసిన బట్టల్లో గడ్డి పరకలు దొరికేవి. దానికి తోడు వాకిట్లో చింతపండు వాసన. కొడుకు స్టీలు అమ్మి సంసారం నడుపుతున్నా నాయనమ్మ స్టీలును నమ్మలేదు. అది లోహమే కాదనేది. ఆమెకు తన ఇత్తడి చెంబు, ఇత్తడి గంగాళం ఉండాలి. వాటిని చింతపండు, బూడిద పెట్టి మధ్యాహ్నం దాకా తోముతూ కూర్చునేది. బాపు మితభాషి. కొత్త గిన్నె చేతికొస్తే ముందు గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత నాపరాయి మీద పెట్టి వేలితో ఒక అంచు నొక్కేవాడు. ఏ మాత్రం ఊగినా పక్కన పెట్టేవాడు. చివరకు కంటి ముందు ఎత్తి పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ చూసేవాడు. ఒక్క దిక్కు నుంచి చూసి గిన్నె కొనేటోడు సంసారం చెయ్యలేడని ఆయన అనే మాట ఒకటి ఉండేది. ఆయన నోట వచ్చే తక్కువ మాటల్లో అదే మాకు ఎక్కువగా వినబడింది.

అన్న పని గిన్నెల మీద పేర్లు కొట్టడం. పెళ్లిళ్లకు, ఒడుగులకు గిన్నెలు కొనేవాళ్లు ఇచ్చేవారి పేరు, ఊరు చెక్కించుకునేవారు. కరెంటు సూది లాంటి మిషను ఒకటి చేత పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ రాయాలి. అన్న బడి నుంచి రాగానే దుకాణంలో కూర్చునేవాడు. 'జర్ర్' అని ఆ మిషను చప్పుడు చౌరస్తా దాకా వినబడేది. పేరు గిన్నెకు సరిగ్గా నడుమ రావాలని ముందు దారంతో కొలిచి, బలపంతో గుర్తు పెట్టుకునేవాడు. పేరు పొట్టిదైతే అటొక పువ్వు, ఇటొక పువ్వు. రెండు పువ్వులూ ఒక్క తీరుగా ఉండాలి. ఒకటి చెడితే రెండోదాన్ని కూడా అట్లాగే చెడగొట్టి సమం చేసేవాడు. అమ్మ నవ్వేది, వీడికి పిల్లను చూడాలంటే కవలలనే వెతకాలని.

సందులో మొదట టీవీ కొన్నది మేమే. నాయనమ్మ దానికి ఉతికిన గుడ్డ కప్పి, పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. ఆదివారం తలంటు పోసుకుని, కుంకుడు కాయ మంట ఇంకా కళ్లలో ఉండగానే వచ్చి కూర్చునేవాళ్లం. ఆ పూట ఇంగ్లీషులో ఒక సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ. పేరు మా నోటికి తిరగలేదు, మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. ఎవరికి తోచిన కథ వాళ్లం చెప్పుకునేవాళ్లం. వాళ్లు వ్యాపారం చేసేవాళ్లని బాపు తేల్చాడు. వారానికో ఊరికి పోతారు, అక్కడివాళ్లతో మాట్లాడతారు, బేరం కుదరక కొట్లాడతారు, మళ్లీ బయల్దేరతారు. అంగడి తిరిగేవాళ్ల బతుకు ఇట్లాగే ఉంటుందని సానుభూతిగా చూసేవాడు. నాయనమ్మకు మాత్రం ఒక్కటే అనుమానం. కాళ్లు లేవు, చక్రాలు లేవు, అది ఎక్కడ దిగుతుంది? ప్రతి ఆదివారం అడిగేది. అది ఏనాడూ ఎక్కడా దిగలేదు.

ఓడ చూడడానికి పక్కకు పండబెట్టిన కూజాలా ఉండేది. పొడుగు మెడ ముందుకు, పొట్ట వెనక్కి. పొట్టకు రెండు వైపులా చెవుల్లాగా రెండు పెద్ద పళ్లేలు నిలబడి ఉండేవి. పళ్లెం కింద ఒక్కో గొట్టం. పళ్లెం మీద బండి నంబరు లాంటి అంకెలు. మిగతావాళ్లం మనుషులను చూసేవాళ్లం, అన్న ఓడను చూసేవాడు. అది కనబడేది ఆరంభంలో కాసేపు, చివర కాసేపు. దాని కోసమే మధ్యలో కథంతా భరించేవాడు. కాగితాల మీద, పాత పంచాంగాల వెనక, గిన్నెలు చుట్టి వచ్చిన పేపర్ల మీద గీసేవాడు. గీసినదాన్ని మధ్యకు మడిచి వెలుతురుకు ఎత్తి పట్టుకునేవాడు, ఒక సగం ఇంకో సగం మీద సరిగ్గా పడుతుందా లేదా అని.

ఒక ఆదివారం సీరియల్ అయిపోగానే బాపు దగ్గరకు పోయి, ఓడకు ఎడమ దిక్కు లేదన్నాడు. బాపుకు అర్థం కాలేదు. రెండు దిక్కులా కనబడుతూనే ఉంది కదా అన్నాడు. ఓడ ఇటు నుంచి అటు పోతుంది, అటు నుంచి ఇటూ వస్తుంది. పోయినప్పుడు ఒక దిక్కు, వచ్చినప్పుడు ఇంకో దిక్కు. కాదన్నాడు అన్న. వచ్చేటప్పుడు పళ్లెం మీద అంకెలు తిరగబడి ఉన్నాయట. వాళ్లు ఒక దిక్కే చేసి, దాన్నే అద్దంలో చూపినట్టు మర్లేసి చూపిస్తున్నారట. మేమంతా నవ్వాం. సందులో పిల్లలు రెండు మూడు రోజులు వాణ్ని 'ఎడమ దిక్కు' అని ఏడిపించారు. అన్నకు కోపం రాలేదు. మళ్లీ ఆదివారం దాకా ఆగాడు.

ఆ ఆదివారం బాపు దుకాణం నుంచి తెచ్చిన కొత్త పళ్లెం ఒకటి తుడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకో మాకు చెప్పలేదు. ఓడ కుడికి పోయింది, బాపు కదల్లేదు. చివరలో ఎడమకు తిరిగి వచ్చేటప్పుడు లేచి, టీవీకి వీపు పెట్టి నిలబడి, పళ్లేన్ని ముఖం ముందు ఎత్తి పట్టుకున్నాడు. మసక మసకగా పళ్లెంలో టీవీ, టీవీలో ఓడ. అందులో అంకెలు తిన్నగా కనబడ్డాయి. నేను పక్క నుంచి తొంగి చూశాను, ఏడు ఏడులాగానే ఉంది. బాపు పళ్లెం దించాడు. తర్వాత అన్నవైపు తిరిగి, "ఔ రాజేశం. అవుతలి దిక్కు చెయ్యనే లేదు వాళ్లు" అన్నాడు.

దాని మీద బాపుకు కలిగిన బాధ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వాక ఇంకేదో వస్తుంది. అంత పెద్ద దేశం వాళ్లు, అన్ని సదుపాయాలు ఉన్నవాళ్లు, ఒక దిక్కు చేసి రెండు దిక్కులని చూపించడం ఆయనకు మింగుడుపడలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అమ్మ అనేది. మూడో రోజో, నాలుగో రోజో దుకాణం నుంచి వస్తూ స్టీలు కూజా ఒకటి, పళ్లేలు రెండు, పొడుగు గ్లాసులు రెండు, గరిటెలు కొన్ని తెచ్చి అన్న ముందు పెట్టాడు. ఆడుకోవడానికి దుకాణంలో చెంచా కూడా ఇవ్వని మనిషి. మనం చేద్దాం అన్నాడు.

ఎన్ని ఆదివారాలు చేశారో నాకు గుర్తు లేదు. సీరియల్ అయిపోగానే ఇద్దరూ వాకిట్లో గోనె సంచి పరుచుకుని కూర్చునేవారు. గరిటెల కాడలు కోసి పళ్లేలను కూజాకు కలిపారు. చిల్లు గిన్నెలకు మాటు పెట్టే ఆయనను ఒకసారి పిలిపించారు గానీ, ఆయన పెట్టిన మాటు ఒక పక్క మందంగా వచ్చిందని అన్న ఊడదీసి రివెట్లు కొట్టాడు. గ్లాసుల మీద పేర్లు కొట్టే మిషనుతో వరసగా కిటికీలు చెక్కాడు. ఒక గ్లాసు మీద ఒక కిటికీ, వెంటనే రెండో గ్లాసు మీద దాని జోడు. నా పని పొడి రజను ఊదేయడం, అడిగింది అందించడం. నాయనమ్మ ఇత్తడి చెంబు తోముకుంటూ, అది ఎక్కడ దిగాలో దానికి కూడా ఏదన్నా చెయ్యమని మధ్య మధ్యలో గుర్తుచేసేది.

ఒకరోజు బాపు గ్లాసును కంటి ముందు తిప్పుతూ అడిగాడు. "ఆకాశంల గాలే లేదంటివి. పిట్టకైతె రెక్కలు రెండు కావాలె. దీనికి రెండు దిక్కుల ఒక్క తీరు ఎందుకురా?"

అన్న తల ఎత్తకుండానే చెప్పాడు. "ఒక్క దిక్కే ఇంజను ఉంటె గానుగెద్దు తీరు గుండ్రంగ తిరుగుతది బాపు. ముందుకు పోదు."

"గాలి లేకున్నా?"

"గాలి లేకున్నా." కొంచెం ఆగి, "ఇంకోటి, లోపల మనుషులు ఉంటరు గద. ఇంటి నుంచి అంత దూరం పోతాండ్రు. ఇటు చూస్తె ఉన్నదే అటు చూసినా ఉండాలె. లేకుంటె వాళ్లకు భయమైతది" అన్నాడు.

బాపు గ్లాసు తిప్పడం ఆపాడు. ఆ చూపు నాకిప్పటికీ కనబడుతుంది. కొడుకును గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టుగా ఉండింది. రివెట్ల డబ్బా వాడి దగ్గరగా జరిపాడు.

ఓడ పూర్తయ్యాక దుకాణంలో బాపు కూర్చునే చోటికి పైన, రెండు తీగలతో వేలాడదీశారు. ఏ దిక్కు నుంచి చూసినా ఒక్క తీరే. ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతుంటే దాని మెరుపు గోడల మీద తిరిగేది. కొనేవాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టు అడిగేవారు, ఇది దేనికి పనికొస్తుందని. పనికి రాదు, మా పిలగాడు చేసిండని బాపు చెప్పేవాడు. నేను విన్నంతవరకు ఆ మాట ఆయన విసుక్కుంటూ ఒక్కసారీ అనలేదు. అన్న దుకాణంలోనే స్థిరపడ్డాడు. పై చదువులు చదవలేదని, ఎక్కడికో పోలేదని నేనెప్పుడైనా బాధపడ్డానేమో గానీ వాడు పడలేదు. వాడు సర్దిన దుకాణం చూడాలి. ద్వారానికి అటూ ఇటూ బిందెలు, వాటి మీద గంజులు, వాటి మీద చెంబులు, చివరన ఉగ్గు గిన్నెల దాకా, అటు ఉన్నదే ఇటు. ఎవరన్నా ఒక బిందె కొంటే, వాళ్లు రిక్షా ఎక్కేలోగా రెండో పక్క నుంచి కూడా ఒక బిందె తీసి లోపల పెట్టేవాడు. వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఇదేం పిచ్చి అని నాతో చెప్పుకుని నవ్వేది. నా పెళ్లికిచ్చిన గిన్నెలన్నిటి మీదా నా పేరు అన్న చేతిదే. ఇప్పటికీ పాలు కాచుకునే గిన్నె అదే.

తర్వాత జనం స్టీలు గిన్నెలు మా దగ్గర కొనడం తగ్గించారు. బాపు పోయాడు, అంతకు ముందే నాయనమ్మ, ఆ తర్వాత అమ్మ. మేనల్లుడు ప్రశాంత్ దుకాణాన్ని ఫోన్ల దుకాణంగా మార్చాడు. ఓడ ఇంటికొచ్చి బీరువా మీద చేరింది. అన్న దాన్ని పండగ పండగకు దించి తుడిచి మళ్లీ పెట్టేవాడట. ఇవన్నీ ఎవరి ఇంట్లోనైనా జరిగేవే. వీటికి నేను పెద్దగా ఏడ్చింది లేదు.

కాగితం మీద సగం ఓడ గీసిన రోజు సాయంత్రం ప్రశాంత్‌తో ఓడను దింపించాను. స్రవంతికి ఫోన్ చేసి అడిగితే మంచి ఆలోచన అంది. మనసుకు ఇష్టమైన వస్తువైతే తల తిరగవచ్చు, చూద్దాం మేడమ్ అంది. ఎడమ వైపు కిటికీ చువ్వకు వేలాడదీశాం. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను, వదిన ఇద్దరం సంతోషంగానే పడుకున్నాం. తెల్లవారి ఎండ పడి ఓడ మెరుపు గది అంతా తిరిగింది. కుడి గోడ మీద పడిన మెరుపును అన్న కళ్లతో వెంబడించాడు. అది గోడ దాటి ఎడమకు జరగగానే వదిలేశాడు. రెండు రోజులు చూశాం. మూడో రోజు ఓపిక పట్టలేక నేనే ఓడను దించి అన్న ఒడిలో పెట్టాను.

గుర్తుపట్టాడు. ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. కుడి చేత్తో మెడ తడిమాడు, పళ్లెం తడిమాడు, గ్లాసు మీద కిటికీలను వేలితో ఒక్కొక్కటీ తాకాడు. తాకుతూ తాకుతూ మధ్యకు వచ్చి ఆగాడు. ముఖంలో వెలుగు తగ్గింది. "వీళ్లు గూడ గంతే చేసిన్రు. ఒక్క దిక్కే" అన్నాడు.

నేను వాడి కుడి చెయ్యి పట్టుకుని మధ్య నుంచి దాటించి ఎడమ పళ్లెం మీద పెట్టాను. ఇది చూడన్నా, ఇది కూడా ఉన్నది అన్నాను. చెయ్యి పళ్లెం మీద కాసేపు ఉంది. వేరే పళ్లెం ఎవరో పెట్టారన్నాడు. ఇది మనదేనని, బాపు, నువ్వు కలిసి వాకిట్లో కూర్చుని చేసిందేనని చెప్పాను. వాడి చేతిని పళ్లేనికి ఇంకా గట్టిగా అదిమాను. అన్న నన్ను ఓదార్చేవాడిలాగా మెత్తగా నవ్వాడు.

"కాదు విమలా. బాపు చేస్తె రెండు దిక్కుల చేస్తడు."

ఓడను తీసి లోపల పెట్టాను. వదిన వాకిట్లోకి పోయింది. మర్నాడు డాక్టరు దగ్గరకు తీసుకుపోతే, వచ్చేది ఉంటే ఈపాటికే వచ్చేదని, ఇక పుండ్లు పడకుండా చూసుకోమని చెప్పాడు. కటువుగా చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అన్న కుడి పక్కన వచ్చే దుకాణాల పేర్లు చదువుకుంటూ వచ్చాడు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్నెవరన్నా అడిగితే నేను పూర్వం చాలా చెప్పేదాన్ని. వ్యాసాలు కూడా రాశాను, గడ్డి వాసన గురించి, ఆదివారాల గురించి. ఒక చోట ఒకటి పోతే ఇంకోచోట ఇంకొకటి వస్తుందని, లెక్క సరిపోతుందని నమ్మినట్టే రాశాను. ఇప్పుడు అట్లా రాయలేను. ఆనాడు ఆ పిల్లవాడికి కనబడింది మా ఎవరికీ కనబడలేదు. ఈనాడు మా అందరికీ కనబడేది వాడికి కనబడదు. దీంట్లో న్యాయం ఏమన్నా ఉందేమోనని చాలా వెతికాను. లేదు. ఇటు ఇంత ఉంది గనుక అటు కూడా ఇంత ఉంటుందని నమ్మడం గిన్నెల దుకాణంలో పుట్టిన పిల్లల నమ్మకం.

నేను బయల్దేరాల్సిన రోజు మధ్యాహ్నం. అన్నాలు అయ్యాయి. ప్రశాంత్ నన్ను స్టేషన్‌కు తీసుకుపోవడానికి వచ్చాడు. కుర్చీలో నేను, మెట్టు మీద వాడు, కింద చాప మీద వదిన, నియమం ప్రకారం అందరం మంచానికి ఎడమ పక్కనే కూర్చుని ఉన్నాం. రైలు గురించి, నా మందుల గురించి మాట్లాడుకుంటున్నాం. అన్న గోడవైపు చూస్తూ ఉన్నాడు. ఇల్లు ఎంత ఉన్నా వాడి ముందు ఎప్పుడూ ఆ గోడే. కొంతసేపటికి గోడనే అడిగాడు.

"ఇంట్ల ఎవ్వరు లేరా?"

వదిన ఎడమ నుంచి, "ఉన్నం, అందరం ఇక్కన్నే ఉన్నం" అంది. అన్న కుడివైపు ఇంకా తల తిప్పి వెతికాడు. దిండు జారింది. గోడకూ మంచానికీ మధ్య సందులోకి కూడా చూశాడు. కళ్లలో భయం కనబడింది. చిన్నప్పటి నుంచీ వాడి కళ్లలో నేను ఎన్నడూ చూడనిది.

వదిన లేచింది. కొంగు బొడ్లో దోపుకుంది. "పట్టు విమలా. ఇగ సాలు" అంది. మంచం తలాపు వైపు ఆమె, కాళ్ల వైపు ప్రశాంత్, మోకాలితో ఎంత చాతనైతే అంత నేను. మంచాన్ని గది నడుమకు లాగి, తలాపు కాళ్ల దిక్కుకు వచ్చేలా తిప్పి, ఎడమ పక్కను అదే గోడకు ఆనించాం. పక్షవాతం చెయ్యి ఉన్న వైపు, ఇన్ని నెలలు అందరూ కూర్చుని పిలిచిన వైపు, గోడకు పోయింది. ప్రశాంత్ ఆ అమ్మాయి ఏమంటుందో అని నసిగాడు. వదిన కుర్చీ, నీళ్ల గ్లాసు, మందుల డబ్బా తెచ్చి ఇవతల పెట్టింది.

అన్నకు మేము కనబడ్డాం. తలుపు, వాకిలి, వాకిట్లో ఎండ కనబడ్డాయి. ముఖం తేటపడింది. "ఎప్పుడొచ్చినవ్ విమలా?" అన్నాడు. ఇప్పుడే అన్నా అన్నాను. అన్నం తిన్నావా అని అడిగాడు, తిన్నానన్నాను. గది అంతా ఒకసారి, తనకు ఉన్నంత గది, కలయజూసి దిండుకు తల వాల్చాడు.

"ఇగ సక్కగున్నది" అన్నాడు.

వదిన వాడి ముఖం తుడిచింది. నేను సంచీ తీసుకున్నాను. మర్నాడు స్రవంతి వచ్చినప్పుడు ఏం చెప్పిందో ఇంతవరకు వదినను నేను అడగలేదు.